మంటలేని పొయ్యి



గడచిన మాఘమాసమున మేము గోదావరిఖనిలో, వరుసకు మాకు తమ్ముడగు నొక గనికార్మికుని యింట నాలుగు దినములు గడపితిమి. పేరులోనే గని గల పట్టణమది. తెల్లవారకమునుపే మొదటి షిఫ్టునకు పోవువారి మోటారు సైకిళ్ళ చప్పుడుతో వీధి మేల్కొనును. ఒకవంక గోదావరి, ఒకవంక గనులనుండి తీసిపోసిన మట్టి కొండలు, దూరమున రామగుండము విద్యుత్కేంద్రపు పొగగొట్టములు. ఆ కేంద్రమున మొదటి యంత్రము 1983లో తిరుగ నారంభించెను. తరువాత ఒక్కటొక్కటిగా యంత్రములు చేరి దాని సామర్థ్యము 2,600 మెగావాట్లకు పెరిగెను.

మూడవనాటి సాయంకాలము మా మరదలు నీళ్ళబిందెను మెట్టుమీద దించి, ఆయాసముతో నచ్చటనే కూలబడినది. ఆమెకు ముప్పది యేండ్లైనను నిండలేదు. కొంతసేపు దూరపు దీపములవంక చూచి, మెల్లగా నిట్లనినది:

"బొగ్గు కాలితే ఊరూరా దీపాలు వెలుగుతున్నయి. నేను మూడు పూటలా తింటున్న. మరి నాకు సత్తువెందుకు రాదు వదినా?"

ఆ పూట మేము సరియైన జవాబు చెప్పలేకపోతిమి. ఇంటికి వచ్చిన పిదప పుస్తకములు తిరుగవేసి, తెలిసినవారి నడిగి, తెలిసికొన్న సంగతులను ఆమెకొరకును, ఆమెవలె ఆయాసపడు సోదరీమణులకొరకును ఇచట వ్రాయుచున్నాము.

ముందుగా ఆ బొగ్గు సంగతి. రామగుండము గనులలోని బొగ్గు ఒకప్పుడు పచ్చని ఆకు. ఇప్పటికి 25 కోట్లకు పైగా సంవత్సరములకు పూర్వము ఈ గోదావరి లోయ చిత్తడినేలగా నుండెను. ఆనాడు మన దేశము ఆఫ్రికా, ఆస్ట్రేలియా, దక్షిణధ్రువ ఖండములతో కలిసి ఏకఖండముగా నుండెనట. ఆ మహాఖండమునకు శాస్త్రజ్ఞులు మన గోండుల పేరిటనే గోండ్వానా యని పేరిడిరి. ఆ చిత్తడిలో గ్లాసాప్టెరిస్ అను చెట్లు పెరిగెను. వాని ఆకు నాలుకవలె నుండును. ఆ చెట్లు కూలి, బురదలో కప్పబడి, పైన పేరుకొన్న ఇసుక మట్టుల బరువునకును, భూగర్భపు వేడికిని నల్లబడి బొగ్గైనవి. ఆకు చేయు పని యేమి? సూర్యరశ్మిని పట్టి, ఆ బలముతో గాలిలోని బొగ్గుపులుసు వాయువును నీటిని కూర్చి పిండిపదార్థము చేయుట. కావున గోదావరిఖని కార్మికుడు తట్టకెత్తునది ఎప్పటిదో ఎండ. దానిని కాల్చినప్పుడు ప్రాణవాయువుతో కలిసి ఆ యెండ తిరిగి వేడియై బయటపడును.

మనము తిను అన్నమును అట్టిదే. అది మొన్నటి యెండ; బొగ్గు నిన్న మొన్నటిది కాదు, అంతే భేదము. ఫ్రెంచి రసాయనశాస్త్రవేత్త లవాయిజే 1783లో ఒక గినీ పందిని మంచుగడ్డలు పేర్చిన పాత్రలో నుంచి, దాని దేహపు వేడికి ఎంత మంచు కరగినదో తూచి చూచెను. అది విడిచిన బొగ్గుపులుసు వాయువును, అంతే వాయువు వెలువడునట్లు బొగ్గు కాలినప్పుడు పుట్టిన వేడిని సరిపోల్చెను. రెండును ఇంచుమించు సరిపోయెను. ఊపిరి తీయుట మెల్లగా కాలుటయే యని ఆయన తేల్చెను. ఆయన భార్య మేరీ ఆన్ తరువాతి ఊపిరి ప్రయోగములకు చిత్రములు గీచెను. ఆ చిత్రములలో బల్లయొద్ద కూర్చుండి వ్రాసికొనుచున్న స్త్రీ ఆమెయే.

ఊరక కూర్చున్న మనిషి దేహము సుమారు 100 వాట్ల విద్యుద్దీపమంత వేడిని సదా వెలువరించుచుండును. వింతయేమనగా, తూకమునకు తూకము లెక్కించినచో, మన దేహము సూర్యునికంటె వేలకొలది రెట్లు ఎక్కువ శక్తిని పుట్టించుచున్నది! సూర్యుడు మిక్కిలి పెద్దవాడగుటచేత అంత వెలుగుచున్నాడు గాని, పిడికెడు సూర్యునిలో పుట్టు వేడి బహు స్వల్పము.

అయినచో మనలోని యీ మంట మనలను కాల్చివేయదేమి? అన్నము నోటిలో పడిన క్షణమున భగ్గున మండి ఆరిపోదేమి? ఈ ప్రశ్నకు జవాబు తెచ్చిపెట్టిన వారిలో మన తెలుగువాడొకడు అగ్రగణ్యుడు. ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించిరి. తల్లి వెంకమ్మగారు. ఆయన సోదరు లిద్దరు స్ప్రూ అను సంగ్రహణివంటి వ్యాధిచే కొద్ది దినముల వ్యవధిలో మరణించిరి. మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించిన కారణమున ఒక ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్. పట్టము దొరకక, తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. పట్టముతోనే తృప్తిపడవలసి వచ్చెను. 1923లో ఓడయెక్కి అమెరికా చేరిరి. మరల స్వదేశమునకు రానేలేదు. భార్య శేషగిరిగారు ఇచ్చటనే యుండిపోయిరి. సుబ్బారావుగారి గొప్పతనమును వ్రాయువారు ఆమె నిరీక్షణను ఒక్క పంక్తిలో ముగింతురు. మేమును అదియే చేయుచున్నామని సిగ్గుపడుచున్నాము.

హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కే అను ఆచార్యునితో కలిసి సుబ్బారావుగారు రక్తములోను, మూత్రములోను భాస్వరము ఎంత గలదో రంగునుబట్టి కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. ఆ పద్ధతి నేటికిని వారి పేరుతోనే ప్రసిద్ధము. దానితో పిల్లుల కండరములను పరీక్షింపగా వింత యొకటి కనబడినది. కండరము పనిచేసినప్పుడు ఒక భాస్వర పదార్థము తరిగిపోయి, విశ్రమించినప్పుడు మరల నిండుచున్నది. అది ఫాస్ఫోక్రియాటిన్; సంవత్సరము 1927. అంతవరకు కండరపు బలమునకు మూలము లాక్టిక్ ఆమ్లమని చెప్పిన హిల్, మేయర్హాఫ్ పండితులకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతియే లభించియుండెను. ఆ సిద్ధాంతము పునాది కదలినది. 1929లో ఫిస్కే, సుబ్బారావులు అడినోసిన్ ట్రైఫాస్ఫేటు అను మరియొక పదార్థమును వేరుచేసిరి. అదే యేడు జర్మనీలో లోమాన్ అను నతడును స్వతంత్రముగా దానిని కనుగొనెను. దీనినే పొట్టిగా ఏటీపీ యందురు.

దీని పని యేమో మన సంతకు పోయిన చెల్లికి చెప్పినట్లు చెప్పెదము. తోటకూర కట్టకు ఐదువందల నోటిచ్చినచో కూరగాయలమ్మ మొగము చిట్లించును. చిల్లర కావలెను. అన్నములోని గ్లూకోజు పెద్దనోటు. ఏటీపీ చిల్లర. జీవకణము ఒక్క గ్లూకోజు అణువును పట్టున కాల్చక, మెట్టు మెట్టుగా విప్పి, సుమారు 30 ఏటీపీ అణువులుగా మార్చుకొనును. గుండె కొట్టుకొనుటకును, కన్ను చూచుటకును, పాలిచ్చు తల్లి దేహమున పాలు తయారగుటకును చెల్లునది ఈ చిల్లరయే. ఏ క్షణమునైనను మన దేహమంతటిలోను ఉండు ఏటీపీ నూరు గ్రాములకు మించదు. అయినను ఖర్చైనది మరల నిండుచు, మరల ఖర్చగుచు, దినమునకు ఇంచుమించు మన దేహపు తూకమంత ఏటీపీ చేతులు మారును. ఈ తిరుగుడు కొద్ది నిమిషములు ఆగినచో ప్రాణము నిలువదు.

చిల్లర మార్చు అంగడి యెక్కడ? కణములో మైటోకాండ్రియా అను సూక్ష్మమైన గదులు వందలు, వేలు గలవు. ఆ గది లోపలి పొర మిక్కిలి పలుచన. అన్నమునుండి విడివడిన ఎలక్ట్రానులు ఆ పొరలో ఒక చేతినుండి మరియొక చేతికి అందుచు, తుదకు ప్రాణవాయువును చేరును. అట్లు చేరునప్పుడు వెలువడు బలముతో ఉదజని ప్రోటానులు పొరకు ఆవలికి తోడబడును. ఆవల ప్రోటానులు నిండును, ఈవల తగ్గును. ఆనకట్టకు పైన నీరు నిలిచినట్లే గదా! నిలిచిన నీరు సందు దొరకిన క్రిందికి దూకును. ప్రోటానులకు దొరకు సందులో ఒక చక్రమున్నది. అవి దిగుచుండగా ఆ చక్రము గిరగిర తిరుగును; తిరుగుచు ఏటీపీని తయారుచేయును. ఇది అలంకారమునకు చెప్పిన మాట కాదు. 1997లో జపానువారు సూక్ష్మదర్శినిలో ఈ చక్రము తిరుగుటను కన్నులార చూచిరి.

ప్రోటానుల ఆనకట్ట యను నీ యూహను 1961లో పీటర్ మిచెల్ అను ఆంగ్లేయుడు వెల్లడించినప్పుడు పెద్దలు చాలమంది నవ్విరి. ఆయన సొంత ప్రయోగశాలలో పట్టుదలతో పనిచేసి, 1978లో నోబెల్ బహుమతి నందెను. మన శ్రీశైలము ఎడమగట్టు విద్యుత్కేంద్రములో 150 మెగావాట్ల యంత్రము లారున్నవి. నీరు దిగినచో అవి విద్యుత్తు నిచ్చును; విద్యుత్తు నిచ్చినచో నీటిని తిరిగి పైకెక్కించును. కణములోని చక్రమును సరిగా అట్టిదే. ఏటీపీని ఖర్చుచేసి వెనుకకు తిరిగి ప్రోటానులను తోడగలదు. రామగుండమునను ఇంతే: బొగ్గు సూటిగా దీపము వెలిగింపదు, నీటిని ఆవిరి చేయును, ఆవిరి చక్రమును త్రిప్పును, చక్రము విద్యుత్తు నిచ్చును.

ఈ యంత్రము మొదట ఎట్లు పుట్టెను? భూమి వయస్సు సుమారు 454 కోట్ల సంవత్సరములు. 348 కోట్ల సంవత్సరముల నాటి జీవుల జాడలు ఆస్ట్రేలియా శిలలలో కనబడుచున్నవి. ఆనాటి గాలిలో ప్రాణవాయువు లేదు. ప్రాణము ప్రాణములేని పదార్థమునుండి క్రమముగా పుట్టియుండవచ్చునని 1924లో రష్యాలో ఒపారిన్, 1929లో ఇంగ్లండులో జె. బి. ఎస్. హాల్డేన్ వేరువేరుగా వ్రాసిరి. 1953లో స్టాన్లీ మిల్లర్ అను అమెరికా విద్యార్థి గాజుబుడ్డిలో మీథేను, అమ్మోనియా, ఉదజని, నీటియావిరి నింపి విద్యుత్తు మెరుపులు ప్రసరింపజేయగా, కొద్ది దినములలో అందు అమైనో ఆమ్లములు ఏర్పడెను. మాంసకృత్తుల కవి యిటుకలు. మీథేను మన గనికార్మికులు భయపడు వాయువే.

ఇటుకలు దొరకిన మాత్రాన ఇల్లు లేవదు గదా. కూలివారికి కూలి కావలెను. శక్తి యెక్కడిది? 2000 సంవత్సరమున అట్లాంటిక్ మహాసముద్రపు అడుగున తెల్లని రాతి గోపురములు కనబడెను. కొన్ని ఇరువది అంతస్తుల మేడయంత ఎత్తు. వాని రంధ్రములనుండి ఉదజనితో కూడిన వెచ్చని క్షారజలము ఊరుచున్నది. ఆ చోటికి శాస్త్రజ్ఞులు మునిగిపోయిన నగరమని పేరిడిరి. ఇట్టి క్షారపు ఊటలు సముద్రమున నుండవలెనని, జీవము అచ్చటనే మొలకెత్తెనని మైకేల్ రస్సెల్ అను భూగర్భశాస్త్రవేత్త అంతకు మునుపే చెప్పియుండెను. విలియం మార్టిన్ మొదలగువారు ఆ వాదమును పెంచిరి. ఆనాటి సముద్రజలము పులుపు, ఊటనీరు క్షారము. నడుమ ఇనుము గంధకములతో కూడిన పలుచని రాతిగోడలు. గోడకు ఆవల ప్రోటానులు మెండు, ఈవల కొరత. తోడువారు లేకయే ప్రోటానుల ఆనకట్ట సిద్ధముగా నున్నది! మొదటి జీవకణములు ఆ వాలును ఎరవు తీసికొని, తరువాత తామే తోడికొనుట నేర్చెనని వీరి మతము. జీవము నేలపై వేడి మడుగులలో పుట్టెననువారును గలరు. వాదము నేటికిని తెగలేదు. మాకు మొదటి పక్షమే నచ్చినది. ఏలయన, ఆ రాతిగోడలలోని ఇనుము గంధకముల కూర్పు వంటిదే నేటికిని మన మైటోకాండ్రియాలో ఎలక్ట్రానులను చేతినుండి చేతికి అందించుచున్నది. కొన్ని బొగ్గుపెళ్ళలలో బంగారపు పొడివలె మెరయు పదార్థమును గోదావరిఖనివారు చూచియుందురు. అదియు ఇనుము గంధకముల కలయికయే.

తరువాత కొన్ని కణములు సూర్యరశ్మిని పట్టుట నేర్చి, ప్రాణవాయువును విడువసాగెను. సుమారు 240 కోట్ల సంవత్సరములకు పూర్వము అది గాలిలో నిలువ నారంభించెను. కడప జిల్లా వేంపల్లె ప్రాంతపు సున్నపురాళ్ళలో ఉల్లిపాయ పొరలవంటి గుండ్రని చారలు గలవు. అవి 190 కోట్ల సంవత్సరములకు పూర్వపు సూక్ష్మజీవులు పొరమీద పొరగా పేర్చిన కట్టడములు. అటుపిమ్మట ఒక కణములో మరియొక చిన్న కణము ప్రవేశించి, జీర్ణము గాక, లోపలనే కాపురముండి, ప్రాణవాయువుతో అన్నమును కాల్చి పెట్టు వంటమనిషి యయ్యెను. అదియే మైటోకాండ్రియా. 1967లో ఈ సంగతిని లిన్ మార్గులిస్ అను విదుషీమణి ప్రకటించెను. పదునైదు పత్రికలు ఆ వ్యాసమును త్రిప్పి పంపినవని ఆమెయే చెప్పుకొనెను. మైటోకాండ్రియా బిడ్డకు తండ్రినుండి రాదు, తల్లినుండియే వచ్చును. మన అమ్మ, అమ్మమ్మ, ఆమె తల్లి — ఇట్లు ఆ పొయ్యి ఆడువారి చేతులమీదుగానే నేటివరకు వచ్చినది.

హాల్డేనుగారి మాట యింకొకటి యున్నది. ఆయన 1957లో మన దేశమునకు వచ్చి, మన పౌరుడై, 1964లో భువనేశ్వరమున మరణించెను. ఆయన మరణశాసనము ప్రకారము దేహమును కాకినాడ రంగరాయ వైద్యకళాశాల విద్యార్థుల చదువునకై పంపిరి. ఆయన తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ బొగ్గుగనుల వాయువులను పరిశోధించిన మహనీయుడు. కొడుకు బాలుడై యుండగా ఒక గనిలోనికి తీసికొనిపోయి, నిలుచుండి షేక్స్‌పియరు నాటకములోని ప్రసంగమొకటి వల్లింపుమనెను. కొంత వల్లించునంతలో బాలుడు మూర్ఛిల్లి పడెను. నేలపై పడిన పిదప తెలివి వచ్చెను. మీథేను తేలికయగుటచే పైకప్పున చేరుననియు, క్రింద గాలి బాగుండుననియు ఆ బాలునికి జన్మాంతము మరపు రాలేదు. తల్లిగారేమన్నదో ఎవరును వ్రాయలేదు!

ఆ తండ్రియే కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు గుట్టు తెలిపెను. గాలి చాలక బొగ్గు కాలినప్పుడు ఇది పుట్టును. రంగు లేదు, వాసన లేదు. రక్తములోని ఎఱ్ఱని హిమోగ్లోబిన్ ప్రాణవాయువును మోసికొనిపోవునది. ఈ వాయువు దానికి ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు మించిన పట్టుతో అంటుకొనును. రక్తమెంత యున్నను కణమునకు ప్రాణవాయువు అందదు. పొరలోని ఎలక్ట్రానుల నడక ఆగును, చక్రము ఆగును. గనులలో తెలుపు ఎలుకలను, చిన్న పక్షులను ముందుగా ఉంచి ఈ వాయువును కనిపెట్టవలెనని ఆయనయే సలహా చెప్పెను.

మేమున్న రెండవ రాత్రి చలి మెండుగా నుండెను. మరదలు కుంపటిలో బొగ్గులు రాజవేసి, పిల్లలు పడుకొన్న గదిలో పెట్టి తలుపు మూయబోయినది. ఎన్నడును గట్టిగా మాటలాడని మా తమ్ముడు మంచముమీదినుండి లేచి, "బయట పెట్టు, బయట పెట్టు" అని కేకవేసి తానే కుంపటిని వాకిట దించెను. గనిలో దిగువానికి గాలి విలువ తెలియును. సోదరీమణులు చలికాలమున, బాలెంత గదిలో సయితము, మూసిన తలుపుల నడుమ కుంపటి నుంచరాదు.

ఇక మరదలి ప్రశ్న. ఆమె అన్నము తినుచున్నది. పొయ్యి తల్లినుండి వచ్చినదే, చెడలేదు. గాలి చాలుటలేదు. హిమోగ్లోబిన్ అణువొక్కటింటికి నాలుగు ఇనుప పరమాణువులు కావలెను. నెలనెలకు పోవు రక్తముతోను, కాన్పులతోను స్త్రీ దేహమునుండి ఇనుము తరుగుచుండును. మరియు ఎఱ్ఱకణము 120 దినములే బ్రతుకును. క్షణమునకు ఇరువది లక్షలకు పైగా క్రొత్తవి పుట్టవలెను. వాని పుట్టుకకు ఫోలిక్ ఆమ్లము కావలెను. దీని జాడ మొదట తెలిసినది మన దేశముననే. లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు 1928లో బొంబాయికి వచ్చి, గర్భవతులగు మిల్లుకార్మిక స్త్రీల రక్తహీనతను పరీక్షించి, ఈస్టు సారముతో అది కుదురునని 1931లో ప్రకటించెను. ఆ సారములోని గుణమే ఫోలిక్ ఆమ్లము. దానిని 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లీ సంస్థ పరిశోధకబృందమునకు నాయకుడు మన సుబ్బారావుగారే. తన సోదరులను పొట్టనబెట్టుకొన్న స్ప్రూ వ్యాధికి మందు వెదకుచు ఆయన అచ్చటికి చేరెను. 1948లో న్యూయార్కున ఆయన కాలధర్మము నొందెను.

2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలనలో తెలంగాణమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో వందకు 57 మందికి పైగా రక్తహీనులని తేలినది. ఇంటింట సగముకంటె ఎక్కువ మంది! ఇందరిని "సోమరి" యని, "ఒళ్ళువంగని"దని అనుచు వచ్చినాము. మా నోటనే ఆ మాట ఒకప్పుడు వచ్చియుండెను.

మరునాడు మరదలిని వెంటబెట్టుకొని రక్తపరీక్ష చేయించితిమి. గర్భవతి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 ఉండవలెను. ఆమెకు 8 మాత్రమే. వైద్యురాలు ఇనుము, ఫోలిక్ ఆమ్లము గల మాత్రలు వ్రాసి యిచ్చినది. గర్భవతులకు నాలుగవ నెలనుండి 180 దినములు ప్రభుత్వము ఉచితముగా ఇచ్చు మాత్రలును ఇట్టివే. వానితో మలము నల్లబడును, భయపడరాదు. మాత్రకు ముందు వెనుక ఒక గంటవరకు టీ త్రాగరాదు, అది ఇనుమును ఒంటబట్టనీయదు. నిమ్మరసమో, ఉసిరికాయో తోడైనచో మేలు.

టీ మానుమనుటయే మా మరదలికి కష్టమైనది. మొన్న ఫోనులో పలుకరించితిమి. మూడవ నెల నడుచుచున్నది. హిమోగ్లోబిన్ 10 దాటినది.

"బిందె మెట్ల మీద దించుడు బందైంది వదినా. సక్కగ లోపలికే తీస్కపోతున్న. చాయ మాత్రం పొద్దున ఒక్కటి తాగుతున్న, గోలీ రాత్రికి మార్చిన," అని నవ్వినది.